ఒకే లారీ రెండు వరుసల్లో ఎందుకు వస్తుంది: పవర్‌షెల్ హ్యాష్ టేబుల్‌లో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ముందుగా చెప్పుకుంటాను. మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లులో లెక్కలు చూస్తున్నారు. ఐకేపీ కొనుగోలు కేంద్రాల నుంచి వడ్లతో వచ్చే ప్రతి లారీ వెంట వచ్చే ట్రక్ షీట్ వివరాలను ఆపరేటర్లు ఎక్సెల్‌లో ఎక్కిస్తారు. దాన్ని సీఎస్‌వీ ఫైలుగా మార్చి, పవర్‌షెల్ (మైక్రోసాఫ్ట్ వారి ఆదేశాల భాష) స్క్రిప్టుతో లారీ నంబరు వారీగా బస్తాలు కూడుతున్నారు. వానాకాలం వరకు మొత్తాలు సరిగానే వచ్చాయి. యాసంగికి ముందు ఎవరో స్క్రిప్టును పద్ధతిగా తిరగరాసిన తర్వాత ఒకే లారీ రెండు వరుసలుగా వస్తోంది, ఒక వరుసలో నంబరు పెద్ద అక్షరాలలో, మరొక వరుసలో చిన్న అక్షరాలలో. ప్రతి చోట టుఅప్పర్ (అక్షరాలన్నిటినీ పెద్దవిగా మార్చే పద్ధతి) తగిలించడం తప్ప దారి లేదా అన్నది మొదటి ప్రశ్న, ఈ తలనొప్పి ఎలాగూ ఉంది కాబట్టి పైథాన్‌కు మారిపోవచ్చా అన్నది రెండవది.

మీరు పెట్టిన రెండు స్క్రిప్టులనూ చూశాను. తేడా ఒక్క వరుసలోనే ఉంది. పాత స్క్రిప్టులో ఖాళీ పట్టికను, అంటే ఒక్కొక్క కీకి (ఇక్కడ లారీ నంబరుకు) ఒక్కొక్క విలువను జతచేసి దాచే హ్యాష్ టేబుల్‌ను, @{} అని సృష్టించారు. కొత్తదానిలో చతురస్ర బ్రాకెట్లలో హ్యాష్‌టేబుల్ అని రాసి, జంట కోలన్ తర్వాత న్యూ అని పిలిచారు. చూడడానికి రెండూ ఒకే వస్తువును ఇస్తాయి, రకం పేరు అడిగినా రెండింటికీ హ్యాష్‌టేబుల్ అనే జవాబు వస్తుంది. కానీ మొదటిదాన్ని పవర్‌షెల్ తన సొంత అలవాటు ప్రకారం, అంటే పెద్ద చిన్న అక్షరాల తేడా పట్టించుకోని విధంగా తయారుచేస్తుంది. రెండవది పవర్‌షెల్‌కు పునాది అయిన మైక్రోసాఫ్ట్ వేదిక డాట్‌నెట్‌ను నేరుగా అడిగి తెచ్చుకున్నది, డాట్‌నెట్ అలవాటేమో తేడాను పట్టించుకోవడం. న్యూ-ఆబ్జెక్ట్ ఆదేశంతో తెచ్చుకున్నా ఇదే ఫలితం. క్రమం నిలబెట్టే పట్టికకూ ఈ మాటే వర్తిస్తుంది: ఆర్డర్డ్ అని ముందు తగిలించిన @{} తేడా చూడదు, ఆర్డర్డ్‌డిక్షనరీ తరగతి నుంచి న్యూతో తెచ్చుకున్నది చూస్తుంది. కాబట్టి తిరగరాసినవారు తర్కాన్ని ఎక్కడా చెడగొట్టలేదు, పట్టిక పుట్టిన చోటును మాత్రం మార్చారు.

ఆ ఒక్క మార్పు ఇంత పని ఎందుకు చేస్తుందో తెలియాలంటే హ్యాష్ టేబుల్ లోపల ఏం జరుగుతుందో కొంచెం చూడాలి. పోస్టాఫీసులో ఉత్తరాలను గోడకున్న అరల్లో సర్దడం ఊహించుకోండి. ఉత్తరం రాగానే గుమాస్తా ఊరి పేరు చూసి ఒక అరను నిర్ణయిస్తాడు, తర్వాత ఎవరైనా వచ్చి అడిగితే తిన్నగా ఆ అర దగ్గరికే వెళ్లి, అందులో ఉన్న కొద్ది ఉత్తరాలపై పేర్లను మాత్రమే పోల్చి చూస్తాడు, మిగతా గోడ వైపు కన్నెత్తి చూడడు. అరను నిర్ణయించే సంఖ్యే హ్యాష్ కోడ్, అరలోపల పేర్లను సరిచూడడమే సమానత్వ పరీక్ష. ఈ రెండు పనులనూ కలిపి ఒకరికి అప్పగిస్తారు, డాట్‌నెట్‌లో ఆ బాధ్యుడి పేరు కంపేరర్. పెద్ద అక్షరాల టీఎస్‌ను, చిన్న అక్షరాల టీఎస్‌ను ఒకటిగా చూడాలంటే సరిచూసేటప్పుడు ఉదారంగా ఉంటే చాలదు, రెండింటికీ ఒకే హ్యాష్ కోడ్ రావాలి. లేకపోతే రెండవ ఉత్తరం వేరే అరలో పడుతుంది, వెతికేవాడు అక్కడికి వెళ్లనే వెళ్లడు. సొంతంగా కంపేరర్ రాసుకునేవారిలో చాలామంది సమానత్వ పరీక్షను మార్చి హ్యాష్ కోడ్‌ను మరిచిపోతారు, ఫలితంగా కొన్ని కీలు దొరికి కొన్ని దొరకని వింత పరిస్థితి వస్తుంది. మీకు ఆ అవసరం లేదు, డాట్‌నెట్‌లో సిద్ధంగా ఉన్నవి చాలు.

మీ లెక్కలోనే చూడండి. ఒకే లారీకి మూడు ట్రక్ షీట్లు వచ్చాయి: 412 బస్తాలు, 405 బస్తాలు, 398 బస్తాలు. మొదటి రెండింటిలో నంబరు టీఎస్05 అని పెద్ద అక్షరాలతో మొదలైంది, మూడవది రాత్రి షిఫ్టులో చిన్న అక్షరాలతో ఎక్కింది. పాత స్క్రిప్టు 1,215 బస్తాలతో ఒకే వరుస ఇచ్చింది. కొత్తది 817తో ఒకటి, 398తో మరొకటి ఇస్తోంది. బస్తాకు 40 కిలోల చొప్పున మొత్తం 486 క్వింటాళ్లే, అడుగు వరుస మారదు కాబట్టి మొత్తాలు మాత్రమే సరిచూసేవారికి ఇది కనబడదు. లారీ వారీగా కిరాయి లెక్కించేటప్పుడే బయటపడుతుంది.

పరిష్కారం విషయానికి వస్తే, @{}కు తిరిగి వెళ్లినా మీ పని జరుగుతుంది. కానీ నా సలహా వేరు. పట్టిక పుట్టేటప్పుడే కంపేరర్‌ను పేరు పెట్టి ఇవ్వండి. హ్యాష్‌టేబుల్‌ను న్యూతో పిలుస్తూ బ్రాకెట్లలో స్ట్రింగ్‌కంపేరర్ తరగతిలోని ఆర్డినల్‌ఇగ్నోర్‌కేస్‌ను అందిస్తే సరిపోతుంది. డిక్షనరీ రకాన్ని వాడినా, కీలు మాత్రమే దాచే హ్యాష్‌సెట్‌ను వాడినా అదే మాట చెల్లుతుంది. @{}లో ఈ నియమం ఉన్నది నిజమే అయినా అది కంటికి కనబడదు, రేపు మరొకరు పద్ధతిగా తిరగరాస్తే మళ్లీ పోతుంది. కంపేరర్ పేరు రాసి ఉంటే దాన్ని తీసేసేవారు కనీసం ఒక్క క్షణం ఆగుతారు. డిక్షనరీ రకంలో ఇంకొక సౌకర్యం ఉంది: దాని కంపేరర్ లక్షణాన్ని అడిగి ఏ నియమంతో పుట్టిందో తెలుసుకోవచ్చు. హ్యాష్‌టేబుల్ ఆ సంగతిని బయటికి చెప్పదు, చిన్న అక్షరంతో ఒక కీ వేసి పెద్ద అక్షరంతో ఉందా అని అడిగి చూడడమే మార్గం.

ఆర్డినల్ అన్న మాటను కావాలనే చెప్పాను, అంటే ఏ భాషా నియమమూ లేకుండా అక్షరాల సంకేత సంఖ్యలనే పోల్చే పద్ధతి. పవర్‌షెల్ 5.1లో @{} పట్టిక కంప్యూటరులో ఎంచుకున్న భాషా ప్రాంతపు నియమాల ప్రకారం పోలుస్తుంది, తర్వాతి తరం పవర్‌షెల్‌లో దీన్ని ఆర్డినల్‌కు మార్చారు. టర్కిష్ భాషలో చుక్క ఉన్న ఐ, చుక్క లేని ఐ వేర్వేరు అక్షరాలు కాబట్టి, ఆ నియమాల కింద ఐ అక్షరమున్న ఇంగ్లిష్ పదాలు పెద్ద చిన్న రూపాల్లో కలవకుండా పోతాయి. మిర్యాలగూడలో ఎవరూ కంప్యూటరును టర్కిష్‌లో పెట్టుకోరు, నిజమే. అయినా లారీ నంబరు, ఖాతా నంబరు వంటి గుర్తింపు సంకేతాలను ఏ భాషా నియమాలకూ అప్పగించవలసిన పని లేదు, ఆర్డినల్ పద్ధతి వేగంలోనూ మెరుగు.

పట్టికను నకలు తీసే చోట మరొక గొయ్యి ఉంది, అందులో నేను స్వయంగా పడ్డాను. కొన్నేళ్ల కిందట నల్లగొండలో ఒక కార్యాలయానికి హాజరు లెక్కల స్క్రిప్టు రాసి ఇచ్చాను. అసలు పట్టిక చెడిపోకూడదని, దాన్ని కొత్త హ్యాష్‌టేబుల్ నిర్మాణానికి అందించి నకలు తీసి, ఆ నకలుపై లెక్కలు నడిపాను. అలా తీసిన నకలులోకి కీలు, విలువలు వస్తాయి కానీ కంపేరర్ రాదు, తేడా చూసే మామూలు పట్టిక తయారవుతుంది. క్లోన్ పద్ధతిని పిలిచి ఉంటే కంపేరర్ కూడా వెంట వచ్చేది. మూడు నెలల పాటు ఎవరికీ ఏమీ తెలియలేదు, ఎందుకంటే ఎక్కించే ఆపరేటర్ క్యాప్స్ లాక్‌ను పొద్దున నొక్కి సాయంత్రం దాకా తీయని మనిషి. ఆయన బదిలీ అయ్యి కొత్తగా చేరిన అమ్మాయి మామూలుగా టైపు చేసిన మొదటి రోజునే సగం మందికి గైర్హాజరు పడింది. అందరూ ఆ అమ్మాయి తప్పు ఎక్కించిందన్నారు. తప్పు నాదని తేల్చడానికి నాకు రెండు రోజులు పట్టింది, ఆ రెండు రోజులూ మాటలు పడ్డది మాత్రం ఆమె.

తేడా చూడని పట్టికలో కూడా మొదట వచ్చిన కీ రూపం అలాగే నిలిచి ఉంటుందని గుర్తుంచుకోండి. చిన్న అక్షరాల నంబరు ముందు వచ్చి, తర్వాత వందసార్లు పెద్ద అక్షరాలతో వచ్చినా, విలువ మారుతుంది కానీ పట్టిక అచ్చు వేసేటప్పుడు కనబడేది చిన్న అక్షరాలదే. నివేదికలో అది బాగుండదు. యాడ్ పద్ధతి మరింత కఠినం: ఉన్న కీని వేరే అక్షర రూపంతో చేర్చబోతే లోపం చూపి ఆగిపోతుంది. @{} లోపలే రెండు రూపాలనూ రాసి పెడితే స్క్రిప్టు నడవడం కూడా మొదలుకాదు.

పవర్‌షెల్ అంతటా ఒకే నియమం ఉంటుందని అనుకోవడం కూడా ప్రమాదమే. ఈక్యూ పోలిక తేడా చూడదు, తేడా కావాలంటే సీఈక్యూ వాడాలి. గ్రూప్-ఆబ్జెక్ట్ తేడా చూడదు. కానీ సెలెక్ట్-ఆబ్జెక్ట్‌కు యూనిక్ అని చెబితే అది తేడా చూస్తుంది, దాన్ని మాన్పించే కేస్‌ఇన్‌సెన్సిటివ్ స్విచ్ 7.4లో గాని రాలేదు. మీ స్క్రిప్టులో లారీల సంఖ్య చెప్పే వరుస యూనిక్‌పై ఆధారపడి ఉంది. పట్టికను సరిచేసినా ఆ సంఖ్య ఎక్కువే చూపిస్తుంది, దాని బదులు పట్టికలోని కీల సంఖ్యనే తీసుకోండి.

ఇక టుఅప్పర్ సంగతి. ప్రతి చోట తగిలించడాన్ని నేను ఒప్పుకోను, ఇరవై చోట్ల పెట్టి ఇరవై ఒకటవ చోట మరిచిపోవడం మానవ సహజం. కానీ మీరు పంపిన నమూనా వరుసలు చూస్తే అక్షరాల పరిమాణం మీ సమస్యలో ఒక భాగమే. ఒకరు టీఎస్ తర్వాత ఖాళీ వదిలారు, ఒకరు అడ్డగీత పెట్టారు, ఒకరు నంబరు చివర ఖాళీ నొక్కి వదిలేశారు, ఇంకొకరు 05లో సున్నాకు బదులు ఓ అక్షరం కొట్టారు. వీటిలో ఏదీ కంపేరర్ సరిచేయదు. కాబట్టి లారీ నంబరును తీసుకుని, ఖాళీలూ అడ్డగీతలూ తీసేసి, పెద్ద అక్షరాలకు మార్చి ఇచ్చే ఒక చిన్న ఫంక్షన్ రాయండి. సీఎస్‌వీ నుంచి వరుస చదివిన వెంటనే, పట్టికను తాకకముందే, ఒక్కసారి దాని గుండా పంపండి. ఈ మార్పు భాషా ప్రాంతపు నియమాల మీద ఆధారపడకుండా టుఅప్పర్‌ఇన్‌వేరియంట్ వాడండి. ఆపరేటర్ ఎక్కించిన అసలు రూపాన్ని వేరే నిలువు వరుసలో దాచుకోండి, వివాదం వచ్చినప్పుడు ట్రక్ షీట్‌తో సరిచూడడానికి అదే కావాలి. ఓ అక్షరాన్ని సున్నాగా మార్చాలంటే అంకెలు మాత్రమే ఉండవలసిన స్థానాల్లో, అంటే మూడు నాలుగు స్థానాల్లోనూ చివరి నాలుగింటిలోనూ మాత్రమే మార్చండి, నంబరంతటా గుడ్డిగా మార్చవద్దు.

ఈ ఫంక్షన్ రాసేటప్పుడు ఒక ఉత్సాహం పుడుతుంది, దాన్ని అణచుకోవాలి. మన దిక్కు రోడ్ల మీద ఏపీ24 అని పాత నల్లగొండ బండ్లు, ఏపీ22 అని పాత మహబూబ్‌నగర్ బండ్లు, 2014 తర్వాత టీఎస్05, టీఎస్06 బండ్లు, 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయాక సూర్యాపేటకు 29, నాగర్‌కర్నూల్‌కు 31, వనపర్తికి 32 అంటూ కొత్త సంఖ్యల బండ్లు, 2024 మార్చి నుంచి టీజీతో మొదలయ్యే బండ్లు అన్నీ కలిసి తిరుగుతున్నాయి. టీఎస్‌ను టీజీగా మార్చి అన్నింటినీ ఒక దారికి తెద్దామని ఒకరు ఇదే విషయంపై అడిగారు. అది చేయకూడదు. పాత బండి పలక మీద టీఎస్ అలాగే ఉంది, అది ఆ బండి నంబరులో భాగం. పెద్ద అక్షరమా చిన్న అక్షరమా అన్నది టైపు చేసిన చేతికి సంబంధించిన తేడా కాబట్టి కలిపేయవచ్చు, టీఎస్ అన్నది బండికి సంబంధించిన తేడా కాబట్టి కలపరాదు. ఆపరేటర్ పొరపాటున టీఎస్ బండిని టీజీగా ఎక్కిస్తే అది బయటపడి సరిదిద్దవలసిన తప్పు, స్క్రిప్టు చాటుగా మింగేయవలసినది కాదు.

అసలు తేడా పోగొట్టకూడని కీలు కూడా ఉంటాయి. బేస్64 రూపంలో వచ్చే గుర్తింపులు, లినక్స్‌లో ఫైలు దారులు, లింకు కుదించే సేవలు ఇచ్చే సంకేతాలు, మిల్లీవాటునూ మెగావాటునూ వేరుచేసే ఎం అక్షరం వంటివి ఈ కోవలోకి వస్తాయి. ప్రోగ్రాములు సమాచారం ఇచ్చిపుచ్చుకునే జేసన్ ఫైళ్లలోనూ కీల అక్షర రూపానికి విలువ ఉంది. ఒకే వస్తువులో పెద్ద ఐతో ఒక ఐడీ, చిన్న ఐతో ఒక ఐడీ ఉంటే కన్వర్ట్‌ఫ్రమ్-జేసన్ చదవడానికి నిరాకరించి, యాజ్‌హ్యాష్‌టేబుల్ స్విచ్ వాడమని చెబుతుంది, ఆ స్విచ్ 6.0లో వచ్చింది.

మీ ఫైలులో రెండవ నిలువు వరుస కొనుగోలు కేంద్రం పేరు, అది తెలుగులో ఉంది. తెలుగు లిపిలో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు లేవు కదా, ఇక్కడ ఏ బాధా ఉండదని అనిపిస్తుంది. ఇక్కడ ఉన్నది వేరే బాధ. నాగర్‌కర్నూల్ అనే పేరులో మొదటి ర్ తర్వాత కంటికి కనబడని ఒక అక్షరం ఉంటుంది, దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు, యూనికోడ్‌లో దాని సంఖ్య 200సీ. అది లేకపోతే ర్, క కలిసిపోయి నాగర్కర్నూల్ అని వేరే ఆకారం వస్తుంది, కాబట్టి అక్కడ దాన్ని గుర్తించవచ్చు. కానీ కొన్ని కీబోర్డులు పదం చివర ఉన్న పొల్లు తర్వాత కూడా దాన్ని చేరుస్తాయి. చివరి ల్ తర్వాత అది ఉన్నా లేకున్నా తెరమీద ఒకే మాట కనబడుతుంది, పొడవు అడిగితే మాత్రం ఒకదానికి 13, మరొకదానికి 14 వస్తుంది. హ్యాష్ టేబుల్‌కు అవి రెండు కేంద్రాలు. ఐకారానికీ ఇటువంటిదే ఉంది: యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వానికి కింద చేరే మరొక గుర్తును కలిపి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. ఈ రెండవదాన్ని నార్మలైజ్ పద్ధతి సరిచేస్తుంది. 200సీని అది తాకదు, మీరే వెతికి తీసేయాలి. కీ కోసం దాన్ని అన్ని చోట్లా తీసేసినా నష్టం లేదు, అచ్చు వేయడానికి మాత్రం అసలు రూపమే వాడండి. నల్గొండ, నల్లగొండ అన్న రెండు వర్ణక్రమాలను కలిపే ఫంక్షన్ రాయవచ్చని ఆశపడవద్దు, దానికి కేంద్రాల పేర్ల జాబితా ఒకటి పెట్టుకుని సరిచూడడమే పద్ధతి.

పైథాన్‌కు మారడం గురించి. పైథాన్ మంచి భాష, కానీ ఈ ఒక్క కారణంతో మారవద్దు, ఎందుకంటే ఈ విషయంలో అది మీకు తక్కువే ఇస్తుంది. పైథాన్‌లో హ్యాష్ టేబుల్ అయిన డిక్ట్‌కు కంపేరర్‌ను అందించే వీలు లేదు, కీ తన హ్యాష్‌ను తానే చెప్పుకుంటుంది. కీని మార్చి దాచే డిక్షనరీని ప్రామాణిక లైబ్రరీలో చేర్చాలని పెప్ 455 (పైథాన్ మార్పుల ప్రతిపాదన పత్రాలను పెప్ అంటారు) పేరుతో ప్రతిపాదన వచ్చింది, దాన్ని తిరస్కరించారు. కాబట్టి అక్కడ కీని ముందే మార్చుకోవడమే ఆనవాయితీ. అందుకు లోయర్ కన్నా 3.3లో వచ్చిన కేస్‌ఫోల్డ్ మేలు, జర్మన్ భాషలోని జోడు ఎస్ అక్షరం వంటివాటిని అది సరిగ్గా విడదీస్తుంది. డిక్ట్ నుంచి తరగతిని సృష్టించి కీని పట్టికలో వేసే సెట్‌ఐటెమ్ ఒక్కదాన్ని మారిస్తే చాలనుకునేవారు చాలామంది ఉన్నారు, అప్‌డేట్ పద్ధతి గానీ నిర్మాణ సమయం గానీ మీరు రాసిన సెట్‌ఐటెమ్ గుండా వెళ్లవు, పట్టికలోకి మార్చని కీలు పక్కదారిన వచ్చి చేరతాయి. కలెక్షన్స్‌లోని యూజర్‌డిక్ట్ నుంచి మొదలుపెడితే ఆ చిక్కు తప్పుతుంది. రిక్వెస్ట్స్ లైబ్రరీలో వెబ్ శీర్షికల కోసం కేస్‌ఇన్‌సెన్సిటివ్‌డిక్ట్ అని ఒకటి ఉంది, అది డాట్‌నెట్‌కు భిన్నంగా చివర వేసిన కీ రూపాన్ని గుర్తుపెట్టుకుంటుంది. మిగతా భాషల్లో కూడా ఎవరి దారి వారిదే: పాఠ్య ఫైళ్లను వరుసవారీగా చదివే జీఆక్‌లో ఇగ్నోర్‌కేస్ పెట్టినా అది శ్రేణుల కీలకు వర్తించదు, ఎక్సెల్ మాక్రోలలో వాడే డిక్షనరీకి కంపేర్‌మోడ్‌ను పట్టిక ఖాళీగా ఉన్నప్పుడే మార్చగలరు.

మీ దగ్గర ఇప్పటికే యాసంగి లెక్కలు కొన్ని బయటికి వెళ్లాయని రాశారు. వాటిని సరిచూడడానికి మొత్తం మళ్లీ నడపనక్కరలేదు. పాత ఫలితాల ఫైలులోని లారీ నంబర్లను కొత్త ఫంక్షన్ గుండా పంపి, గ్రూప్-ఆబ్జెక్ట్‌తో కూర్చి, ఒకటికి మించి వరుసలున్న గుంపులను మాత్రమే చూపించమనండి. అలా వచ్చిన ప్రతి గుంపుకూ ట్రక్ షీట్లు తీసి, కిరాయి ఏ లారీకి ఎంత చెల్లించారో ఒక్కొక్కటిగా సరిచూడండి. ఓ అక్షరం, సున్నా కలిసిన చోట్ల మాత్రం స్క్రిప్టు మాట నమ్మకుండా కాగితాన్ని కళ్లతో చూడండి.